నొప్పి లేదంటారు, రాత్రంతా అరుస్తారు: నిద్రమాత్రకు ఒప్పుకోవాలా?

మీ అమ్మగారు వృద్ధుల హోంలో రాత్రిళ్లు అరుస్తున్నారని, నొప్పా అంటే లేదంటున్నారని, నిద్రమాత్ర వేస్తామంటున్నారని రాశారు. ఒప్పుకునే ముందు ఒంట్లో ఎక్కడ నొప్పి ఉందో డాక్టరుతో వెతికించండి. పళ్లు, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా. మేం ఆ పని నాలుగు నెలలు ఆలస్యంగా చేశాం.

మతిమరుపు ముదిరాక మా అత్తగారిని హైదరాబాద్ శివార్లలో ఒక హోంలో చేర్చాం. పొద్దున స్నానమయ్యాక ఆయాను కొట్టేవారు. మొండితనం అన్నారు, నిద్రమాత్ర మొదలుపెట్టారు. పగలంతా తూగడం, ఒకసారి పడిపోవడం. చివరికి సంగతి పట్టుకున్నది ఆ ఆయానే. "మేడమ్, జాకెట్లో ఎడమ చెయ్యి పెట్టనిస్తుంది పెద్దమ్మ, కుడి చెయ్యి ఎత్తితేనే కొడుతుంది" అంది. చూపిస్తే భుజం బిగుసుకుపోయి ఉంది.

"నొప్పా అత్తయ్యా?" అంటే ఎప్పుడూ లేదనేవారు. "సలుపుతోందా?" అన్న రోజు తలూపారు. ఆవిడ లెక్కలో నొప్పులంటే పురిటి నొప్పులేనేమో! మీ అమ్మగారి మాట పోటో, తీపో, గుంజుడో, అది హోం వాళ్లకు చెప్పండి.

డాక్టరు పారాసిటమాల్ 650 రోజుకు మూడుసార్లు టైము ప్రకారం రాశారు, మొదటిది స్నానానికి ముప్పావుగంట ముందు. పాత చీటీలోనూ అదే మాత్ర ఉంది, పక్కన 'అవసరమైతే' అని. నోరు తెరిచి అడగలేని మనిషికి ఆ అవసరం ఎలా వస్తుంది? ఫైలు తిరగేస్తే నెలలో రెండుసార్లు వేశారు! జాకెట్లు మానేసి ముందు గుండీలున్న నైటీలు కొన్నాం.

డోసు మీ డాక్టరే చెప్పాలి. బరువు తక్కువైనా, లివర్ బాగాలేకపోయినా తగ్గిస్తారు. జలుబు మాత్రల్లోనూ ఇదే మందు ఉంటుంది, చూసుకోండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం షాపులో కొని పంపకండి. ఈ వయసులో కిడ్నీలు దెబ్బతినొచ్చు, కడుపులో రక్తస్రావం కావచ్చు.

ఇది మా ఒక్కరి కథే కాదు. నార్వేలో 18 నర్సింగ్ హోముల్లో మతిమరుపు ఉన్న 352 మందిపై చేసిన పరిశోధన 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 8 వారాలు పద్ధతిగా నొప్పి మందులిచ్చిన వాళ్లలో అలజడి 17 శాతం తగ్గింది. ఎక్కువమందికి పారాసిటమాలే సరిపోయింది.

నోటితో చెప్పలేని వాళ్ల నొప్పిని చూసి అంచనా వేసే 'పెయినాడ్' (PAINAD) స్కేలు వాడమని హోంలో అడగండి. ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరుకుంటారా లేదా, ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు. కుర్చీలో కూర్చున్నప్పుడు కాదు, లేపేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు వేయమనండి. మా అత్తగారు కూర్చుంటే సున్నా, చెయ్యెత్తితే ఏడు.