షెడ్డు కబుర్లు: స్టాపీలో ఫోర్కు ఠక్‌మంటే

ప్రశ్న: అన్నా, మాది విజయనగరం. నా బరువు 64 కిలోలు. బండి 200 సీసీ, ముందు చక్రాన్ని పట్టుకునేవి మామూలు టెలిస్కోపిక్ ఫోర్కులే, లోపల స్ప్రింగూ ఆయిలూ ఉండే రెండు కాళ్లు. ఆర్నెల్లుగా స్టాపీలు, అదే ముందు బ్రేకు పట్టి వెనక చక్రం గాల్లోకి లేపడం, ప్రాక్టీస్ చేస్తున్నాను. బ్రేకు పట్టగానే ముందు భాగం ఒక్కసారిగా కూలబడి ఠక్‌మంటోంది, ఆ వెంటనే వెనక చక్రం ఎగిరి పక్కకి తిరిగిపోతోంది. ఫోర్కుల్లో 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్ పోసి, స్ప్రింగు మీద రూపాయి బిళ్లలు పేర్చి బిగిస్తే గట్టిపడుతుందని మా ఫ్రెండు అంటున్నాడు. చెయ్యమంటారా? తెల్లారగట్ట రింగు రోడ్డు ఖాళీగా ఉంటుంది, అక్కడే చేస్తున్నాం.

జవాబు: రెండూ చెయ్యొద్దు తమ్ముడూ. బిళ్లల సంగతికి తర్వాత వస్తాను, ముందు ఆ రింగు రోడ్డు మానెయ్. పోలీసులు పట్టుకుంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా, లేదంటే ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలు, ఒక్కోసారి రెండూ. అది ఒక ఎత్తు. ఇంకోటి, మన వైపు రోడ్ల మీద మొక్కజొన్న ఆరబోస్తారు, పంట ఎత్తేశాక కూడా గింజలు అక్కడక్కడా మిగిలే ఉంటాయి, ఇసుక ట్రాక్టర్లు రాల్చిందీ ఉంటుంది. తెల్లారగట్ట చీకట్లో అవి నీకు కనపడవు.

ఇసుకకీ స్టాపీకీ ఎందుకు పడదో ఒక చిన్న లెక్క. బండీ నువ్వూ కలిసిన బరువు కేంద్రం నేలకి 65 సెంటీమీటర్ల ఎత్తులో, ముందు యాక్సిల్‌కి కూడా దాదాపు అంతే దూరం వెనకగా ఉందనుకో. అప్పుడు వెనక చక్రం నేల వదలాలంటే ముందు టైరు తన మీద పడిన బరువుకి సమానమైన పట్టు చూపించాలి. పొడిగా, శుభ్రంగా ఉన్న తారో సిమెంటో అయితే మంచి టైరు ఆ మాత్రం చూపిస్తుంది. పిడికెడు ఇసుక ఉన్నా చూపించదు, వెనక చక్రం లేవక ముందే ముందుది జారుతుంది. కాబట్టి ఎవరిదైనా సొంత సిమెంటు కళ్లమో, గోడౌను ఆవరణో అడిగి, చీపురుతో ఊడ్చి, పగటిపూట చేసుకో. ఐఎస్‌ఐ మార్కు హెల్మెట్, చేతులకి గ్లవ్స్ గురించి నేను చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇప్పుడు నీ ఠక్. అది ఫోర్కు అడుగంటిన శబ్దం. మామూలుగా నడిచేటప్పుడు మొత్తం బరువులో సగం ముందు చక్రం మోస్తుంది, సగం వెనకది. స్టాపీలో మొత్తం ముందుదే మొయ్యాలి, నీతో కలిపి సుమారు 220 కిలోలు. పైగా ఫోర్కు నిలువుగా ఉండదు, పాతిక డిగ్రీల దాకా వెనక్కి వాలి ఉంటుంది, అందువల్ల బ్రేకు వేసిన తోపు కూడా కొంత ఫోర్కు వెంబడే పనిచేసి, వెనక చక్రం లేచే ఆ మొదటి క్షణంలో ఇంకో మూడో వంతు బరువు కలిసినట్టవుతుంది. అంటే 290 కిలోల లెక్క. ఫ్యాక్టరీ స్ప్రింగులు ఆఫీసుకి వెళ్లొచ్చేవాడి నడుం కోసం పెట్టినవి, అంత మొయ్యలేక చివరిదాకా దిగిపోతాయి. దిగిపోయాక ఇంక మిగిలిన స్ప్రింగల్లా టైరే. అది కాస్త నొక్కుకుని తిరిగి తంతుంది, ఆ తన్నుకే నీ వెనక చక్రం ఎగురుతోంది. నువ్వు లేపడం లేదు తమ్ముడూ, బండే నిన్ను లేపుతోంది.

అందుకని ఫోర్కుని రాయిలా చెయ్యడం కాదు మన పని. నెమ్మదిగా దిగాలి, చివర్లో 15, 20 మిల్లీమీటర్లు ఎప్పుడూ మిగిలి ఉండాలి.

పనిముట్లు తీసే ముందు పది పైసల ఖర్చు పని ఒకటి చెయ్యి. ఫోర్కు పైపుకి, డస్ట్ సీల్‌కి (దుమ్ము ఆపే రబ్బరు రింగు) ఆనించి, ఒక సన్న కేబుల్ టై కట్టు, మరీ బిగించకుండా జరిగేలా. స్టాపీ కొట్టి దిగి చూస్తే, ఫోర్కు ఎంత దిగిందో అంత మేర టై పైకి జరిగి అక్కడే ఉంటుంది. ఇకనుంచి ఏ మార్పు చేసినా ఈ టై చెప్పిందే నమ్ము, ఫ్రెండు చెప్పింది కాదు, నేను చెప్పింది కూడా కాదు.

తర్వాత శాగ్, అంటే నువ్వెక్కి కూర్చుంటే ఫోర్కు ఎంత దిగుతుందో, అది కొలవాలి. ఇద్దరు మనుషులు కావాలి. ముందు చక్రం గాల్లోకి లేపి బయటికి కనపడే పైపు పొడవు కొలిచి రాసుకో. చక్రం దించి, హెల్మెట్‌తో సహా ఎక్కి కూర్చుని మళ్లీ కొలిపించు. సీళ్ల రాపిడి వల్ల ఒక్కోసారి ఒక్కో లెక్క వస్తుంది గనక, ఒకసారి హ్యాండిల్ నొక్కి మెల్లగా వదిలి, ఇంకోసారి ఎత్తి మెల్లగా వదిలి, రెంటికీ సగటు తీసుకో. మొదటి కొలతలోంచి ఈ సగటు తీసేస్తే వచ్చేదే శాగ్. రోడ్డు మీద తిరిగే బండికి 30 నుంచి 35 మిల్లీమీటర్లు బాగుంటుంది, నీ పనికి 25 దగ్గర పెట్టుకో.

బిళ్లల సంగతి ఇక్కడికొస్తుంది. బిళ్లలు పెట్టినా, పైపు ముక్క పెట్టినా స్ప్రింగు గట్టిపడదు. ఒక్కో మిల్లీమీటరు దిగడానికి బిళ్లలు పెట్టకముందు ఎంత బరువు కావాలో పెట్టాకా అంతే కావాలి, కాకపోతే కాస్త పై నుంచి మొదలవుతుంది, అంతే తేడా. శాగ్ సరిచెయ్యడానికి అది మంచిదే. దానికి లేత్ మీద రెండు కొసలూ చదునుగా కోసిన పీవీసీ పైపు ముక్క, దాని కింద స్టీలు వాషరు పెట్టాలి, బిళ్లలు కాదు. బిళ్లలు పక్కకి జరిగి పైపు లోపలి గోడ గీరతాయి. ఆ తుక్కంతా ఆయిల్‌లో కలిసి బుష్షులు తినేస్తుంది. ఒకసారి మా షెడ్డుకి అలా ఏడు బిళ్లలు పెట్టిన బండి వచ్చింది. ఆ సంగతి తెలీక మా కుర్రాడు ఫోర్కు పై క్యాపు విప్పితే అది లేచి పైన సిమెంటు రేకుకి తగిలింది. రేకుకి ఇప్పటికీ ఆ చిల్లు ఉంది, వానొస్తే కింద బకెట్టు పెడతాం.

స్ప్రింగు నిజంగా గట్టిపడాలంటే గట్టి స్ప్రింగే వెయ్యాలి. దొరక్కపోతే ఉన్నదాన్నే చుట్లు తగ్గించడం ఒక దారి: పనిచేసే చుట్లు 40 ఉంటే అందులో 4 కోసేస్తే 11 శాతం గట్టిపడుతుంది, పోయిన పొడవుకి పైపు ముక్క పెట్టాలి. కానీ కోసేటప్పుడు స్ప్రింగు వేడెక్కకూడదు, నీళ్లు పోస్తూ కొయ్యాలి. కోసిన కొస పైకి వచ్చేలా పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, మిగిలిన చుట్ల మధ్య ఖాళీలన్నీ కూడితే ఫోర్కు దిగే దూరం, నువ్వు ముందే నొక్కి పెట్టిన దూరం కలిపిన దానికంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే చుట్టు చుట్టుకి తగిలి మళ్లీ అదే ఠక్. చేతిలో పనున్న మెకానిక్ లేకపోతే ఈ దారి వదిలెయ్.

వదిలేసినా నష్టం లేదు, ఎందుకంటే నీ రోగానికి ఎక్కువ మందు ఆయిల్ మట్టంలో ఉంది. ఆయిల్ పైన ఉండే గాలి కూడా ఒక స్ప్రింగే. స్ప్రింగు తీసేసి, ఫోర్కుని పూర్తిగా నొక్కి నిలబెట్టి, పైపు అంచు నుంచి ఆయిల్ దాకా కొలిస్తే 140 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. ఫోర్కు 130 సాగుతుంది. అంటే సాగినప్పుడు 270 ఉన్న గాలి, అడుగంటేసరికి 140లో ఇరుక్కుంటుంది, సుమారు రెండింతల ఒత్తిడి. ఆయిల్ పోసి ఆ 140ని 100కి తెస్తే 230 ఉన్నది 100లోకి రావాలి, రెండుంపావు రెట్లు దాటుతుంది. మొదట్లో తేడా పెద్దగా తెలీదు, చివరి మూడో వంతులోనే బిగుస్తుంది. మనక్కావలసింది సరిగ్గా అదే.

ఒకేసారి 40 పోసెయ్యకు. పదేసి మిల్లీమీటర్లు పెంచి, టై చూసి, మళ్లీ పది. రెండు కాళ్లలోనూ ఒకటే మట్టం ఉండాలి. కొలిచే ముందు పదిసార్లు పైకీ కిందికీ ఆడించి గాలి బుడగలు పోగొట్టాలి. ఆశకొద్దీ మరీ పైకి పోస్తే నొక్కుకోడానికి గాలే మిగలదు, సీలు తన్నుకుని బయటికొచ్చి ఆయిలంతా డిస్క్ మీద పడుతుంది. ముందు బ్రేకు మీదే నిలబడే మనిషికి అంతకంటే దిక్కుమాలిన సంగతి ఇంకోటి లేదు.

ఇంజిన్ ఆయిల్ ఎందుకొద్దంటే, అది చిక్కనిది, దిగడాన్ని ఆపినట్టే పైకి లేవడాన్నీ ఆపుతుంది. ఒక స్టాపీ అయ్యాక ఫోర్కు పూర్తిగా తేరుకోకుండానే రెండోది కొడతావు, సగం దిగిన చోటి నుంచి మొదలవుతుంది. కంపెనీ చెప్పింది 10డబ్ల్యూ ఫోర్కు ఆయిల్ అయితే 15డబ్ల్యూ వెయ్యి, ఒక్క మెట్టు చాలు. మట్టం, చిక్కదనం రెండూ ఒకే రోజు మార్చకు, దేనివల్ల ఏమైందో తెలీదు.

వెనక చక్రం పక్కకి తిరగడం వేరే కథ. ముందు యాక్సిల్, దాన్ని బిగించి పట్టే పించ్ బోల్టు, ఫోర్కు కాళ్లు రెంటినీ కలిపి పట్టే కింది టీ బోల్టులు వదులు చేసి, ఫోర్కుని గట్టిగా నాలుగైదుసార్లు నొక్కి, అది కుదురుకున్నాక కింది టీ, యాక్సిల్, చివర్లో పించ్ బోల్టు, ఈ వరసలో బిగించు. ముందు చక్రం లేపి ఫోర్కు కాళ్లు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు, టక్‌టక్ ఆడితే కోన్ సెట్, అదే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయినట్టే. ఇవన్నీ బాగుండి కూడా తిరుగుతోందంటే, కోప్పడకు, తప్పు నీ నడుముది. ఒక తొడ ట్యాంకుని ఎక్కువ నొక్కుతోంది, లేకపోతే చూపు ముందు చక్రం మీద ఉంది. దూరంగా చూడు.

వెనక షాకబ్జర్ ఐదు మెట్లలో నాలుగో దాంట్లో పెట్టుకున్నావేమో చూడు, ఒక్కడివే అయితే రెండుకి దించు. మరీ బిగించి ఉంటే బ్రేకు పట్టగానే ఆ స్ప్రింగే వెనక భాగాన్ని తన్ని లేపుతుంది, దిగేటప్పుడు బంతిలా ఎగురుతుంది. ముందు టైరులో గాలి కంపెనీ చెప్పినంతే. ఏబీఎస్ ఫ్యూజు పీకమని కూడా నీ ఫ్రెండు చెప్పే ఉంటాడు, పీకకు.

ప్రశ్న: మాది కళింగపట్నం. ముందు ఫోర్కు సీళ్లు మూడు నెలల్లో రెండుసార్లు మార్పించాను, మళ్లీ ఆయిల్ కారుతోంది. నకిలీ సీళ్లు వేస్తున్నారా?

జవాబు: వేస్తే వేసి ఉండొచ్చు గానీ, ముందు పైపు చూడండి. సముద్రపు గాలికి క్రోమ్ మీద ఆవగింజంత తుప్పు మచ్చలు పడతాయి. కంటికి ఆనవు, బొటనవేలి గోరు పైనుంచి కిందికి మెల్లగా రాస్తే తగులుతాయి. అది ఉన్నంతకాలం కొత్త సీలు వేసిన ప్రతిసారీ కోసుకుపోతుంది. సీలు నడిచే మేరలో కాకుండా పైన ఎక్కడో ఉంటే ఫరవాలేదు. నడిచే మేరలో చిన్నది ఒకటో రెండో ఉంటే సన్న ఎమరీ కాయితం, రెండు వేల నంబరుది, ఆయిల్‌లో తడిపి అంచులు నున్న చెయ్యించండి, కొన్నాళ్లు నడుస్తుంది. ఎక్కువుంటే పైపు మార్చడమే.

గోరుకి ఏమీ తగలకపోతే మీ అదృష్టం, సీలు పెదవి కింద ఇసుక రేణువు ఇరుక్కుని ఉండొచ్చు. ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్ము ఉంటుంది కదా, దాన్ని వేలెడు వెడల్పున కోసి, కొసన చిన్న కొక్కెంలా కత్తిరించి, డస్ట్ సీలు పైకి జరిపి, లోపలి సీలుకీ పైపుకీ మధ్య దూర్చి చుట్టూ తిప్పండి. నల్లటి మడ్డి బయటికొస్తుంది. తుడిచి రెండు రోజులు చూడండి, చాలాసార్లు కారడం ఆగిపోతుంది. డిస్క్ మీద ఆయిల్ పడి ఉంటే మాత్రం డిస్క్ కడిగించి, ప్యాడ్లు కొత్తవి వెయ్యాల్సిందే.

ప్రశ్న: మాస్టారూ, మాది నరసన్నపేట. మా అబ్బాయికి ఇరవై ఏళ్లు, శ్రీకాకుళం కాలేజీకి బండి మీద వెళ్తాడు. ముందు చక్రం మీద బండి నిలబెడుతున్నాడని పక్కింటాళ్లు చెప్పారు. అడిగితే ఒట్టేసి లేదంటున్నాడు. బండి చూసి తెలుసుకునే దారి ఏదైనా ఉందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఉందమ్మా. సర్వీసు బిల్లులు తీసి చూడండి, ముందు బ్రేకు ప్యాడ్లు ఏడాదిలో మూడుసార్లు మార్పించి వెనకవి ఒక్కసారీ మార్చలేదంటే కొంత అనుమానించొచ్చు. ముందు టైరు నడిమధ్యలో మాత్రమే అరిగి, వెనక టైరు కంటే ముందే అయిపోయినా అంతే. మామూలుగా తిరిగే బండికి వెనకదే ముందు అరుగుతుంది.

ఇంకోటి, పైన విజయనగరం కుర్రాడికి చెప్పిన కేబుల్ టై మీరే ఒకటి ఫోర్కు పైపుకి కట్టించండి. మొదటి వారం మీ ఆయన్నో, మీ తమ్ముడినో అదే బండి మీద అదే రోడ్డున కాలేజీ దాకా వెళ్లి రమ్మని, టై ఎక్కడిదాకా జరిగిందో పెన్నుతో గీత పెట్టుకోండి, గోతులకి కూడా అది జరుగుతుంది కాబట్టి ఈ గీత లేకుండా వాడి మీద నింద వెయ్యకండి. తర్వాత టై మళ్లీ కిందికి జరిపి తాళం వాడికివ్వండి. సాయంత్రం అది గీత దాటి చివరిదాకా ఎక్కి ఉంటే ఒకటికి రెండుసార్లు చూసుకుని అడగండి. టై అసలు లేకుండా కత్తిరించేసి ఉంటే మాత్రం అడగక్కర్లేదు.