అత్యవసర నిధిని కోసి కబోర్డు కట్టొద్దు

ప్రశ్న: మా సొంత ఇంటి పడకగదిలో ఒక గోడకు 7 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతుతో కబోర్డు కావాలి. కార్పెంటర్ చెప్పిన ధర ఎక్కువనిపించింది. లామినేటెడ్ బోర్డు తెచ్చి నేనే కోసి బిగించుకుందామనుకుంటున్నాను. 18 మి.మీ. షీట్లు 7, వెనక వైపుకు పలుచని షీట్లు 2, సర్క్యులర్ రంపం, రౌటర్ (చెక్కలో గాడులు, అంచులు చెక్కే యంత్రం), డ్రిల్ అన్నీ కలిపి మా 2 నెలల ఇంటి ఖర్చంత అవుతుంది. అందులో సగం పనిముట్లకే. 3 నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు ఎఫ్‌డీలో ఉంది. దాన్ని తీయాలా, క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టాలా, నెలకు 3 శాతం ఫ్లాట్ వడ్డీకి ఇస్తామంటున్న లోన్ యాప్‌లో తీసుకోవాలా? కార్పెంటర్ కూలీ మిగులుతుంది కాబట్టి ఏడాదిలో తీర్చేయగలను. ఇంటి లోన్ వాయిదా విడిగా కడుతున్నాను, అది ఇంటి ఖర్చులో సగం ఉంటుంది. అమ్మ, భార్య, బాబు నా జీతం మీదే ఉన్నారు. ఆరోగ్య బీమా ఆఫీసు వాళ్లు ఇచ్చిందే. అన్నీ పోను, వాయిదాతో కలిపి అయ్యే మొత్తం ఖర్చులో ఐదో వంతు నెలనెలా మిగులుతుంది.

జవాబు: కబోర్డు మీరే చేసుకోండి. డబ్బుకు మీరు రాసిన మూడు దారులూ వద్దు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం అందులోని ఒక్క వాక్యం: 'కార్పెంటర్ కూలీ మిగులుతుంది కాబట్టి తీర్చేయగలను.' ఇంటి పని సొంతంగా చేసుకుందామనుకునే వాళ్లలో చాలామంది నాతో ఇదే మాట అంటారు.

ఆ కూలీ డబ్బు మీ దగ్గర ఎప్పుడూ లేదు. ఉంటే అప్పు గురించి అడిగేవారే కాదు. ఖర్చు తగ్గడం వేరు, చేతికి డబ్బు రావడం వేరు. కార్పెంటర్‌కు ఇవ్వకుండా ఆపిన డబ్బు మీ ఖాతాలో జమ కాదు. వాయిదా కట్టాల్సింది జీతంలోంచే. మీ జీతంలో మిగిలేది మొత్తం ఖర్చులో ఐదో వంతు. అప్పు తీర్చే శక్తి అంతే, కబోర్డు ఎవరు చేసినా అది పెరగదు.

ఇక మీ ఎఫ్‌డీ సంగతి. 3 నెలల ఖర్చు ఉందని రాశారు. అందులో ఇంటి లోన్ వాయిదా కలపలేదు. జీతం ఆగిపోయిన నెలలో బ్యాంకు వాయిదా ఆగదు కదా! వాయిదా కలిపి చూస్తే మీ నిధి 2 నెలలకే వస్తుంది. అందులోంచి కబోర్డుకు తీస్తే మిగిలేది 20 రోజుల ఖర్చు. నలుగురు ఒక్క జీతం మీద బతికే ఇంట్లో 20 రోజుల నిధి అంటే నిధి లేనట్టే. మీలాంటి కుటుంబానికి వాయిదాలతో సహా 6 నెలల ఖర్చు పక్కన ఉండాలని నేను అందరికీ చెప్తాను, మీకూ చెప్తున్నాను. మీరు ఇంకా మూడో వంతు దగ్గరే ఉన్నారు. దాన్ని పెంచాల్సిన సమయంలో తీయడం గురించి ఆలోచిస్తున్నారు.

లోన్ యాప్ గురించి మర్యాదగా రాయడం నాకు కష్టం. ఫ్లాట్ 3 శాతం అంటే, మీరు సగం అప్పు తీర్చేశాక కూడా మొదట తీసుకున్న మొత్తం మీదే వడ్డీ వేస్తారు. 100 తీసుకుంటే 12 నెలల్లో 136 కడతారు, నెలకు 11.33 చొప్పున. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే అది నెలకు 5 శాతం పైన, ఏడాదికి 60 శాతం పైన పడుతుంది. బట్టలు పెట్టుకునే చెక్క పెట్టె కోసం 60 శాతం వడ్డీ! ముందే మంజూరైందని మెసేజ్ వచ్చినంత మాత్రాన అది మీ డబ్బు కాదు. ఆ యాప్‌ను ఈ రోజే ఫోన్లోంచి తీసేయండి. కార్డు ఈఎంఐ దీనికన్నా నయమే, కానీ ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద పన్ను, ఈఎంఐ పెట్టినందుకు వదులుకున్న డిస్కౌంట్ కలిపి చూశాక అదీ వద్దంటాను.

ఇప్పుడు మీ షీట్ల లెక్క చూద్దాం, ఎందుకంటే డబ్బు లెక్కలో జరిగిన పొరపాటే ఇక్కడా జరిగింది. కబోర్డును 2 అడుగుల వెడల్పు పెట్టెలు మూడుగా వేసుకున్నారనుకుంటాను. ఒక్కో పెట్టెకు 7 అడుగుల పక్క పలకలు 2, పైనా కిందా ఒక్కోటి, అరలు 4. మొత్తం వైశాల్యం 156 చదరపు అడుగులు. 8 అడుగులు, 4 అడుగుల షీటుకు 32 చదరపు అడుగులు. భాగిస్తే 5 లోపే వస్తుంది. తలుపులకు 2 కలిపి 7 అని రాసి ఉంటారు.

కానీ బోర్డు వైశాల్యంతో తెగదు, ముక్కలుగా తెగుతుంది. 8 అడుగుల పొడవులో 7 అడుగుల పక్క పలక తీస్తే అడుగు ముక్క మిగులుతుంది. అది 2 అడుగుల అరకు పనికిరాదు. ఆరు పక్క పలకలకు 3 షీట్లు పోతాయి. పైవి, కిందివి, అరలు కలిపి 18 ముక్కలు కావాలి. షీటుకు 8 వస్తాయి. రెండు షీట్లు కోసినా 16 దగ్గర ఆగిపోతారు. అంటే పెట్టెలకే 6 షీట్లు, తలుపులతో 8. లేదంటే బట్టలు వేలాడదీసే పెట్టెలో రెండు అరలు మానేయండి, అక్కడ ఎలాగూ అవి అడ్డమే. అప్పుడు 7 సరిపోతాయి. కాకపోతే ఒక్క పక్క పలక తప్పు తెగినా ఇంకో షీటు కొనాల్సిందే. ఆ షీటు డబ్బు మీ లెక్కలో ఎక్కడా లేదు.

లోతు 2 అడుగులు అని రాశారు. 4 అడుగుల షీటును సరిగ్గా సగం చేస్తే రెండు 2 అడుగుల పట్టీలు రావు. 1220 మి.మీ.లో బ్లేడు 3 నుంచి 4 మి.మీ. తినేస్తుంది. ఫ్యాక్టరీ అంచు దెబ్బతిని ఉంటే అదీ కోసేయాలి. కాబట్టి లోతు 600 మి.మీ. అని పెట్టుకోండి, హాయిగా వస్తుంది. చెక్క గీతల డిజైన్ ఉన్న బోర్డయితే ముక్కను అడ్డంగా తిప్పి కోయలేరు, గీతలు తప్పు దిక్కులో కనిపిస్తాయి. అప్పుడు షీట్లు ఇంకా పెరగొచ్చు. లోపలి పెట్టెలకు సాదా తెలుపు తీసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

మీ జాబితాలో కనిపించనివి ఇంకా ఉన్నాయి. 7 అడుగుల తలుపుకు కనీసం 4 హింజ్‌లు కావాలి. ఆరు తలుపులకు 24. హ్యాండిళ్లు, స్క్రూలు, ఎడ్జ్‌బ్యాండ్ (కోసిన అంచుకు అంటించే పట్టీ), కోత కూలీ, రవాణా. ఎడ్జ్‌బ్యాండ్ అందం కోసమే అనుకోకండి. చెక్క పొట్టు, నార అతికించి చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ కోసిన అంచుల్లోంచి తేమ పీల్చి ఉబ్బుతాయి. ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలుగా కావు. వీటన్నిటికీ కలిపి బోర్డు ఖర్చులో కనీసం మూడో వంతు విడిగా పెట్టుకోండి.

పెద్ద ఆదా పనిముట్ల దగ్గరుంది. ఒక్క కబోర్డు కోసం రంపం, రౌటర్ కొనకండి. బోర్డు అమ్మే చోటే ప్యానెల్ సా (షీట్లు కోసే పెద్ద రంపం యంత్రం) మీద కోయించండి. అందులో పెద్ద బ్లేడుకు ముందు ఒక చిన్న స్కోరింగ్ బ్లేడు లామినేట్‌ను సన్నగా గీస్తుంది, అందుకే అంచు పెచ్చులు లేవదు. చేతి సర్క్యులర్ రంపం పళ్లు కింది నుంచి పైకి వస్తాయి, కాబట్టి పై ముఖం మీద లామినేట్ చిట్లుతుంది. టేపు అంటించి, బోర్డును బోర్లించి కోసి, గైడ్ పట్టీ బిగించి ఇవన్నీ నేర్చుకోవచ్చు, కానీ నేర్చుకునేది కొత్త షీట్ల మీద. పైగా 18 మి.మీ. షీటు ఒక్కోటి 35 నుంచి 40 కిలోలు ఉంటుంది, ఒక్కరు పట్టుకుని సూటిగా కోయడం తేలిక కాదు. ఎడ్జ్‌బ్యాండ్ కూడా అక్కడి యంత్రం మీదే వేయించండి. డ్రిల్ అద్దెకు తెచ్చుకోండి, లేదా తెలిసినవాళ్లను అడగండి. దీంతో మీరు అప్పు చేద్దామనుకున్న మొత్తంలో సగం అక్కడే తగ్గిపోయింది.

కోత జాబితా మీద ప్రతి ముక్కకూ కొలత, గీతల దిక్కు, ఏ అంచులకు బ్యాండ్ వేయాలి అన్నది రాయండి. ఇచ్చిన కొలత బ్యాండ్ మందం కలిపిందా, కలపనిదా అన్నదీ రాయండి. 2 మి.మీ. బ్యాండ్ రెండు పక్కలా వేస్తే ముక్క 4 మి.మీ. పెరుగుతుంది. గోడల మధ్య వెడల్పును కింద, మధ్యలో, పైన మూడు చోట్ల కొలిచి తక్కువది తీసుకోండి. మా ఇంట్లో ఒక గూడుకు నేను కింద ఒక్కచోటే కొలిచి పలక కోయించాను. పైన గోడ లోపలికి వచ్చి అది పట్టలేదు, ఆ షీటు వృథా అయింది. అప్పటి నుంచి ఏ పనికైనా ఒక షీటు డబ్బు అదనంగా పెట్టుకున్నాకే మొదలుపెడుతున్నాను.

బీమా గురించి రెండు మాటలు. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. సొంతంగా ఒక పాలసీ తీసుకోండి, అమ్మగారి వయసు పెరిగేకొద్దీ అది కష్టమవుతుంది. చేతిపని చేసే ఉద్దేశం ఉంటే శాశ్వత వైకల్యానికీ, తాత్కాలికంగా పనికి వెళ్లలేకపోయినప్పటికీ పరిహారం ఇచ్చే ప్రమాద బీమా చూడండి. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) గురించి మీరేమీ రాయలేదు. లేకపోతే కబోర్డు కన్నా ముందు అదే.

పనిముట్లు తీసేస్తే బోర్డుకు ఒక నెల ఇంటి ఖర్చు, మిగతావాటికి అందులో మూడో వంతు. మొదటి 5 నెలలు మిగులంతా నిధిలో వేయండి. వాయిదాతో కలిపి 3 నెలల ఖర్చుకు చేరుతుంది. ఆ తర్వాత సగం నిధికి, సగం కబోర్డుకు. ఇంకో 9 నెలల్లో కబోర్డు డబ్బు సమకూరుతుంది. మొత్తం 14 నెలలు. మీకిది నచ్చదని తెలుసు. బోనస్ లాంటిది వస్తే త్వరగా అవుతుంది, కానీ అందులోనూ సగం నిధికి వెళ్లాలి. అప్పటికి కూడా మీ నిధి 4 నెలలకు కాస్త దిగువనే ఉంటుంది. కాబట్టి కబోర్డు అయిపోగానే మిగులంతా మళ్లీ నిధికే.

మంచి సంగతి ఏమిటంటే కబోర్డు మొత్తం ఒకేసారి కట్టాల్సిన అవసరం లేదు. ఒక్కో పెట్టెకు డబ్బు కూడినప్పుడల్లా బోర్డు తెచ్చి బిగించుకోవచ్చు. లోపలిది తెలుపు కాబట్టి రెండు మూడు నెలల తేడాతో కొన్నా పెద్దగా తెలియదు. తలుపుల షీట్లు మాత్రం చివర్లో ఒకేసారి, ఒకే బ్యాచ్‌వి కొనండి. బ్యాచ్ మారితే రంగులో తేడా పక్కపక్కన పెట్టినప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ గోడకు అవతల బాత్రూమ్ ఉంటే ముందు చెమ్మ సంగతి చూసుకోండి, తేమ తట్టుకునే రకం బోర్డు అడగండి.

మొదటి పెట్టె గోడకు బిగించి, లెవెల్ చూసుకున్నాక, మిగిలిన వెడల్పును మళ్లీ మూడు చోట్లా కొలిచి అప్పుడు రెండో పెట్టె కోత జాబితా రాయండి.