అంబాసిడర్ ఇంజిన్ విప్పబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

మీ తాతగారి అంబాసిడర్ ఇంజిన్‌ని కాస్త బలంగా కట్టించి డైనో (చక్రాల దగ్గర బండి బలాన్ని కొలిచే రోలర్ల యంత్రం) మీద పరీక్షించాలని ఉందని రాశావు. చాలా సంతోషమేసింది. ఆ బండిని అమ్మెయ్యకుండా ఇన్నేళ్లు గుంటూరు ఇంట్లో ఉంచిన మీ నాన్నకి ముందు దణ్ణం పెట్టాలి. ఆటోనగర్‌లో సిలిండర్లు బోర్ చేసే మిషన్ దగ్గర నిలబడి నేను నేర్చుకున్నదంతా ఒక ఉత్తరంలో పట్టదు. నీకు ఇప్పుడు అక్కరకొచ్చేవి మాత్రం రాస్తాను.

ముందుగా, ఇంజిన్ దించకముందే బండిని ఒకసారి డైనో ఎక్కించు. చాలామంది ఇంజిన్ కట్టాకే వెళ్తారు. ఏదో ఒక అంకె వస్తుంది, ఫోన్‌లో ఫొటో తీసుకుంటారు, కానీ అంతకుముందు ఎంత ఉండేదో వాళ్లకి తెలియదు. రెండు డైనోలు ఒకే బండికి ఒకే అంకె చూపించవు. అందుకని ఇంకొకరి బండితో పోల్చుకోకు. నీ బండి నిన్న ఎంత ఇచ్చింది, ఇవాళ ఎంత ఇస్తోంది, అదే నీకు కావాలి. రెండుసార్లూ అదే డైనో, అదే గేరు, అవే టైర్లు, టైర్లలో అదే గాలి ఉండాలి. అంబాసిడర్‌కి నాలుగో గేరు నేరుగా ఒకటికి ఒకటి తిరుగుతుంది కాబట్టి రన్ (ఒకసారి ఫుల్‌గా తిప్పి కొలవడం) ఆ గేరులోనే తియ్యమను.

తర్వాత, బానెట్ కింద ఏ ఇంజిన్ ఉందో చూడు. టాక్సీల కాలంలో చాలా అంబాసిడర్ల పెట్రోల్ ఇంజిన్లు తీసేసి డీజిల్ ఎక్కించారు. 90ల్లో వచ్చిన బండ్లలో ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్ కూడా ఉంది. మీ తాతగారిది పాత 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) పెట్రోల్ అయితేనే నేను కింద రాసేది వర్తిస్తుంది. దాని బోరు (సిలిండర్ వ్యాసం) 73 మిల్లీమీటర్లకు పిసరంత ఎక్కువ, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 88.9. అంటే పొడుగు స్ట్రోకు ఇంజిన్. పైగా క్రాంక్‌ని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) పట్టుకున్న మెయిన్ బేరింగులు మూడే. కింది ఆర్పీఎంలో లాగడానికి పుట్టిన ఇంజిన్ అది. దాన్ని 5 వేలు దాటించి తిప్పాలని చూడటమంటే దాని మీద చెయ్యి చేసుకోవడమే. నువ్వు తిరిగేది గుంటూరు, మంగళగిరి, బెజవాడ మధ్య హైవే మీద. మహా అయితే కొండవీడు ఘాట్ ఎక్కుతావు. నీకు 2 వేల నుంచి 4 వేల మధ్య టార్క్ (తిప్పే బలం) కావాలి. ఇంజిన్ కట్టించే మేస్త్రీకి ఈ మాట మొదటి రోజే చెప్పు, ఎందుకంటే క్యామ్ (వాల్వుల్ని తెరిపించే ఇరుసు) ఎంపిక దగ్గర నుంచి జెట్టు (కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) సైజు దాకా అన్నీ దీన్ని బట్టే మారతాయి.

బ్లాక్ విప్పాక ముందు కొలతలు. బోర్ గేజ్ పెట్టి ప్రతి సిలిండర్‌నీ పైన, మధ్యలో, కింద, అడ్డంగా ఒకసారి, పొడుగ్గా ఒకసారి చూడాలి. అరుగుదల ఎక్కడ ఎంతుందో తెలియకుండా 'నలభై థౌ కొట్టేద్దాం' అనే వాడి దగ్గర నుంచి బ్లాక్ తెచ్చేసుకో. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 20 థౌ ఓవర్‌సైజుతో శుభ్రపడే బ్లాక్‌కి 40 థౌ వేస్తే రేపు మళ్లీ బోర్ చెయ్యడానికి గోడ మిగలదు. 40 థౌతో వచ్చేదెంతో తెలుసా? 1489 కాస్తా 1531 సీసీ అవుతుంది. ఆ 42 సీసీతో నీ బండి పరుగేమీ మారిపోదు. పిస్టన్లు చేతికొచ్చాక వాటిని కొలిచి, వాటికి తగ్గట్టే బోర్ చేయించు. పిస్టన్ రింగు కొసల మధ్య గ్యాప్ బోరు అంగుళానికి 4 థౌ లెక్కన, ఈ ఇంజిన్‌కి 12 థౌ అటూ ఇటూ వస్తుంది. పెట్టెలోంచి తీసిన రింగుని అలాగే తొడగనివ్వకు. ఒక్కోదాన్నీ దాని సిలిండర్‌లోనే పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడమను.

క్రాంక్ గ్రైండింగ్‌కి ఇచ్చేటప్పుడు జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) అంచు మూలల్లో ఉండే గుండ్రటి వంపుని అలాగే ఉంచమని గట్టిగా చెప్పు. తొందరలో ఆ మూలని వంపు లేకుండా పదునుగా కోసేస్తే క్రాంక్ సరిగ్గా అక్కడే చీలుతుంది. హోనింగ్ (సిలిండర్ గోడకి చివరి సాన) అయ్యాక బ్లాక్‌ని పెట్రోల్‌తో కడిగి సరిపెట్టొద్దు. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షు. ఆ తర్వాత తెల్లగుడ్డకి ఆయిల్ రాసి సిలిండర్ లోపల తుడిస్తే నల్లటి మరక రాకూడదు. వస్తే మళ్లీ కడగాలి. ఆయిల్ గ్యాలరీల ప్లగ్గులు విప్పి ఆ దారులు కూడా కడగాలి. కొత్త బేరింగులు నాలుగు రోజుల్లో పోయాయని వచ్చిన ఇంజిన్లు నేను చాలా చూశాను. ఎక్కువసార్లు ఆ దారుల్లో మిగిలిన రజనే కారణం.

ఇక హెడ్డు. నాకు ఇష్టమైన పని ఇదే. ఈ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లకి గాలి వెళ్లే ద్వారాలు రెండే. ఒక్కో ద్వారాన్ని రెండు సిలిండర్లు పంచుకుంటాయి. పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ ద్వారాలు మూడు, మధ్యలోది రెండు సిలిండర్లదీ. కాబట్టి ఈ ద్వారాల్ని, అంటే పోర్టుల్ని, పెద్దగా తవ్వితే పెద్దగా గాలి వస్తుందనుకోవడం పొరపాటు. కింది ఆర్పీఎంలో గాలి వేగం పడిపోయి బండి మొద్దుగా తయారవుతుంది. మ్యానిఫోల్డ్, గాస్కెట్, హెడ్డు మూడింటి రంధ్రాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా చెయ్యి. వాల్వ్ గైడు దగ్గర పోతపోసినప్పుడు మిగిలిన గరుకు తీయించు. వాల్వులు కూర్చునే సీట్లని మూడు కోణాల్లో కోయించు. ఆ మూడు కోణాలు ఇచ్చే లాభం చేతికి తెలుస్తుంది. 2000 ఫిబ్రవరిలో మన దేశంలో సీసం పెట్రోల్ ఆగిపోయింది. పాత హెడ్డుల్లో ఎగ్జాస్ట్ సీట్లు ఆ సీసం ఇచ్చే కాపు మీదే బతికేవి. కాబట్టి ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్ రింగులు వేయించు, లేకపోతే వాల్వులు లోపలికి దిగిపోతూ ట్యాపెట్ గ్యాప్ (వాల్వు దగ్గర ఉండాల్సిన సన్న ఖాళీ) మూసుకుపోతుంది.

కంప్రెషన్ (పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క) నోటి లెక్కతో పెంచొద్దు. బ్యూరెట్‌తో నూనె పోసి హెడ్డులోని నాలుగు ఛాంబర్లూ కొలిపించు. స్టాండర్డ్ బోరుతో ఒక సిలిండర్ 372 సీసీ. 9:1 రావాలంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు ఛాంబర్, గాస్కెట్, పిస్టన్ పైభాగం అన్నీ కలిపి మిగిలే చోటు 46.5 సీసీ ఉండాలి. ఓవర్‌సైజు వేస్తే ఈ లెక్క మళ్లీ చెయ్యాలి. నీ బండికి 9 చాలు. మే నెలలో గుంటూరు ఎండలో ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఎంత వేడిగా ఉంటుందో నీకు తెలుసు. ఆ వేడిలో ఇంకా పైకి పోతే నాకింగ్ (మిక్స్చర్ అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది. నాలుగు ఛాంబర్ల మధ్య తేడా అర సీసీ దాటకుండా చూసుకో.

ఇంజిన్ ఎక్కించాక మొదటి 20 నిమిషాలు చాలా ముఖ్యం. కొత్త క్యామ్ వేస్తే స్టార్ట్ అయిన వెంటనే 2 వేల ఆర్పీఎం దగ్గర పట్టుకుని, కాస్త పైకీ కిందకీ మారుస్తూ ఉంచాలి. ఐడిల్‌లో వదిలేస్తే క్యామ్ లోబుల మీదికి ఆయిల్ సరిగా చిమ్మదు, ఆ ఒక్క పూటలోనే క్యామ్ అరిగిపోతుంది. ఇప్పటి కార్ల ఆయిల్‌లో జింక్ తక్కువ, ఈ రకం ట్యాపెట్లకి అది చాలదు. పాత ఇంజిన్లకి పనికొచ్చే జింక్ ఎక్కువ ఉన్న ఆయిల్ అడిగి తీసుకో. మొదటిసారికే స్టార్ట్ కావాలి కాబట్టి టైమింగ్ (స్పార్క్ పడే వేళ), పెట్రోల్, రేడియేటర్ అన్నీ సరిచూసుకున్నాకే తాళం తిప్పు. కొంత దూరం నడిపాక ఆయిల్ మార్చి, హెడ్డు బోల్టులు మళ్లీ టార్క్ చేసి, ట్యాపెట్లు సెట్ చేసి, అప్పుడు డైనోకి వెళ్లు.

డైనో రోజు గురించి నువ్వు టెన్షన్ పడుతున్నావని అమ్మ చెప్పింది. అంత అక్కర్లేదు. పాత టైర్లతో మాత్రం ఎక్కొద్దు. పగుళ్లున్న టైరు ఆ వేగంలో రోలర్ మీద పేలితే బండితో పాటు మనుషులకీ ప్రమాదం. ముందు పెద్ద ఫ్యాన్ ఉండాలి, ఆయిల్ ప్రెషర్ గేజ్ మీద ఒక మనిషి కన్ను ఉండాలి, సైలెన్సర్ గొట్టంలో లాంబ్డా సెన్సర్ (గాలి, పెట్రోల్ పాళ్లు చూపేది; అంకె 1 కంటే తగ్గితే పెట్రోల్ ఎక్కువని) ఉండాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. దానికి పాత జెట్టు చాలదు, మిక్స్చర్ పలచబడుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో లాంబ్డా 0.87 చుట్టూ ఉండాలి. 1 దగ్గరికి వస్తుంటే అక్కడే కాలు తీసెయ్యమను. నీ బండికి ఎస్‌యూ కార్బొరేటర్ ఉంటే నీడిల్ మార్చాలి, సోలెక్స్ ఉంటే జెట్టు. పెట్రోల్ గొట్టాలు, పంపు డయాఫ్రమ్ కూడా ఇథనాల్‌ని తట్టుకునేవి వేయించు.

మిక్స్చర్ కుదిరాకే టైమింగ్ జోలికి వెళ్లు. రెండేసి డిగ్రీలు ముందుకి జరుపుతూ రన్ తియ్యమను. టార్క్ పెరగడం ఆగిన చోట ఆగి, రెండు డిగ్రీలు వెనక్కి రా. డైనో గది కంటే మన రోడ్డు వేడి ఎక్కువ, ఆ రెండు డిగ్రీలు దానికోసం. ఒక రన్‌కి ఒక మార్పే చెయ్యాలి. రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

గ్రాఫ్ చేతికొచ్చాక పైన ఉన్న పెద్ద అంకెని చూడకు. పవర్ అనేది టార్క్‌ని తిరిగే వేగంతో గుణించినదే. 3 వేల ఆర్పీఎంలో 100 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంటే అది 31 కిలోవాట్లు, అంటే దాదాపు 42 గుర్రాలు. నువ్వు రోజూ వాడేది ఆ చోటే. పాత గీత మీద కొత్త గీత పెట్టి చూడు. 2 వేల నుంచి 4 వేల దాకా కొత్త గీత పైన ఉంటే ఇంజిన్ బాగా కుదిరినట్టే, చివర్లో పెద్ద లాభం లేకపోయినా సరే. చక్రాల దగ్గర వచ్చిన అంకెకి ఏదో శాతం కలిపి ఇంజిన్ పవర్ ఇంత అని చెబితే అది అంచనా అని గుర్తుంచుకో. గేరుబాక్సు, డిఫరెన్షియల్ ఎంత తింటున్నాయో బండి బండికీ మారుతుంది.

కాగితాల సంగతి. బ్లాక్ మీద కొట్టిన ఇంజిన్ నంబరుని ఫేసింగ్‌లో (బ్లాక్ పైభాగం చదును చేసేటప్పుడు) చెరిగిపోనివ్వకు. ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చే మార్పు చేస్తే ఆర్టీఓకి చెప్పి చేయించుకోవాలి. బండికి 50 ఏళ్లు దాటి ఉంటే, దాన్ని వింటేజ్‌గా నమోదు చేయించాలని మీ నాన్నకి ఉంటే, ఈ పని మొదలుపెట్టకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. 2021లో వచ్చిన ఆ నిబంధన అసలు రూపంలో ఉన్న బండ్ల కోసం.

బడ్జెట్‌లో సగం ఇంజిన్‌కి, మిగిలినదాంట్లో మొదటి వాటా బ్రేకులకి పెట్టు. డ్రమ్ములు టర్నింగ్ చేయించి, కొత్త లైనర్లు, మాస్టర్ సిలిండర్ కిట్, గొట్టాలు మార్పించాకే హైవే ఎక్కు. బ్లాక్ తెచ్చే రోజు ముందురోజు ఫోన్ చెయ్యి, బోర్ గేజ్ పట్టుకుని నేనే వస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మావయ్య, విజయవాడ