డ్వాక్రా సభ్యులకు ఇంటి లెక్క నేర్పడం ఎలా?

ప్రశ్న: మా డ్వాక్రా సంఘంలో పదిమందిమి ఉన్నాం. ఖర్చులు రాసుకోమని అందరికీ పుస్తకాలు కొనిచ్చాను. మూడో వారానికే మానేశారు. నలుగురికి చదవడం రాదు. జూన్ వస్తే బడి ఫీజుల కోసం డైలీ ఫైనాన్స్ దగ్గరికి వెళ్తున్నారు. వీళ్లకి ఇంటి లెక్క ఎలా నేర్పాలి?
– ఒక సంఘం లీడరు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు ఆ పుస్తకాలు పక్కన పెట్టండమ్మా. రోజూ పాలు, కూరల లెక్క రాయడం చదువుకున్నవాళ్లకే విసుగు. పైగా మీవాళ్లను అప్పులోకి దించుతున్నవి అవి కావు. ఏటా వస్తాయని తెలిసి కూడా ముందుగా డబ్బు దాచని ఖర్చులవి. పాఠం అక్కడ మొదలుపెట్టండి.

సమావేశంలో నేల మీద ముగ్గుపిండితో నెలకొకటి చొప్పున పన్నెండు గళ్లు గీయండి. ఒక్కో కందిగింజ విలువ 500 రూపాయలు. ఏ నెలలో పెద్ద ఖర్చుంటే ఆ గడిలో అన్ని గింజలు పెట్టమనండి. ఉదాహరణకు జూన్‌లో ఫీజులు, పుస్తకాలకు 22,000, అంటే 44 గింజలు. సంక్రాంతి బట్టలకు 16, పాలసీ ప్రీమియానికి 12, ఇంటి మరమ్మతులకు 6, పెళ్లిళ్లలో చదివింపులకు 6. మొత్తం 84 గింజలు, 42,000 రూపాయలు. ఇప్పుడు వాటిని పన్నెండు గళ్లకూ సమానంగా సర్దించండి. గడికి ఏడు గింజలు, నెలకు 3,500. చదువు రానివాళ్లూ ఈ లెక్కను చేత్తో చేస్తారు, అందుకే మరిచిపోరు.

మొదటి ఏడాది ఒక చిక్కుంది. జనవరిలో మొదలుపెడితే మే చివరికి 17,500 మాత్రమే పోగవుతుంది. జూన్‌కి 4,500 తగ్గుతుంది. "దాచినా అప్పు తప్పలేదు" అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఆ 4,500 సంఘం అంతర్గత అప్పుగా ఇస్తామని ముందే తీర్మానం రాసుకోండి.

ఈ డబ్బు ఇంట్లో ఉంచకూడదు, సంఘం అప్పు వాయిదా కట్ అయ్యే ఖాతాలోనూ వద్దు. పోస్టాఫీసు ఆర్డీ (నెలనెలా కొంత కట్టే రికరింగ్ డిపాజిట్) మంచిదే కానీ ఐదేళ్లది, మూడేళ్ల లోపు మూయనివ్వరు. జూన్ ఫీజుకి అది పనికిరాదు. బ్యాంకులో ఏడాది లోపు ఆర్డీ కట్టించండి.

రెండో పాఠం వడ్డీ. దీనికి ఒక సమావేశం మొత్తం కేటాయించండి. డైలీ ఫైనాన్స్‌లో పదివేలు అని చెప్పి 8,500 చేతికిస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. మూడు నెలల చిల్లరకి పదిహేను వందలేగా, నెలకు నూటికి ఐదు రూపాయల లోపే అనుకుంటారు. కానీ అసలు రోజూ తగ్గుతోంది. సగటున మీ దగ్గర ఉండేది నాలుగువేల చిల్లరే. ఆ లెక్కన నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ! రూపాయి వడ్డీకి సంఘంలోనే అప్పు దొరుకుతుంటే ఇంత కట్టడం చూస్తే బాధేస్తుంది. చెప్పి వదిలేయకండి. ఈసారి గింజకు వంద రూపాయల లెక్కన వంద కందిగింజలు పోసి, రోజుకొకటి తీసేస్తూ వాళ్లతోనే చూపించండి.

గింజల లెక్క వేసే రోజు ఆదివారం సాయంత్రం పెట్టుకుని భర్తలనూ పిలవండి. ఫోన్‌పేలో వాళ్లు పంపే డబ్బు గళ్లలోకి రాకపోతే నెలకు ఏడు గింజలు ఎక్కడ మిగులుతాయో తేలదు.