పచ్చళ్ల వెబ్‌సైట్ గూగుల్లో కనపడాలంటే ఏం చేయాలి?

ఇంట్లో పెట్టిన పచ్చళ్లు అమ్మే సైట్ మొదలుపెట్టి నెలలవుతున్నా గూగుల్లో కనపడటం లేదని అడిగారు. ముందు సెర్చ్‌లో 'సైట్' అనే మాట ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు ఇచ్చి చూడండి. ఒక్క పేజీ కూడా రాకపోతే సైట్ ఇండెక్సే అయి ఉండకపోవచ్చు, అంటే గూగుల్ జాబితాలోకే ఎక్కలేదన్నమాట. సైట్ వర్డ్‌ప్రెస్‌తో తయారుచేసినదైతే సెట్టింగ్స్‌లో రీడింగ్ కింద, సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే టిక్ ఒకటి ఉంటుంది. సైట్ తయారుచేసేటప్పుడు పెట్టి, తర్వాత తీయడం మర్చిపోతుంటారు. అది తీసేసి, సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ టూల్‌లో సైట్‌మ్యాప్ (మీ సైట్ పేజీల జాబితా ఉండే ఫైలు) ఇవ్వండి. ఉచితమే.

పేజీలు వస్తున్నా ఎక్కడో అడుగున ఉంటే, ముందు చూడాల్సింది రాతనే. చాలామంది ధర, బరువు, నిల్వ అన్నీ ఒక్క పోస్టర్ బొమ్మలో ఇరికించేస్తారు. వాటిని మామూలు అక్షరాల్లో రాయాలి. పేజీ టైటిల్‌ను 'హోమ్' అని వదిలేయకుండా 'వెల్లుల్లి లేని ఆవకాయ – అరకిలో, కిలో' అని పెట్టండి. అలా వెతికేవాళ్లు ఊరికే చూసిపోయే రకం కాదు, కొనేవాళ్లు. ఒక్కో పచ్చడికి ఒక్కో పేజీ ఉండాలి. ఏ నూనె వాడారు, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, అమెరికాకు పంపుతారా... ఫోన్లో కస్టమర్లు అడిగేవే అందులో రాయండి. మనవాళ్లు తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు కాబట్టి ఆ స్పెల్లింగూ పేజీలో ఒకచోట ఉండాలి.

కీవర్డ్స్ మెటా ట్యాగ్ (పేజీ కోడ్‌లో, చూసేవాళ్లకు కనపడకుండా రాసే మాటల జాబితా) నింపమనేవాళ్లను పట్టించుకోకండి. ర్యాంకింగ్‌లో దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. 'మొదటి స్థానం గ్యారంటీ' అంటూ డబ్బులడిగేవాళ్లకైతే ఆమడ దూరంలో ఉండండి.