రాజీనామాకు ముందు అడిగి చూడవలసినవి

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో స్థిరపడ్డాం. మా అమ్మాయి ఇక్కడే డిగ్రీ చేసి, శిక్ష పడినవారిని జైలు బయట పర్యవేక్షించే ప్రొబేషన్ సర్వీసులో ట్రైనీగా చేరింది. కేసుల ఒత్తిడితో రాత్రిళ్లూ పని చేస్తోంది, మానేస్తానంటోంది. మాన్పించమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి విసుగు పుట్టించింది వృత్తా, పనిభారమా అన్నది ముందు తేలాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ సర్వీసును 2014లో చీల్చి, 2021 జూన్‌లో మళ్లీ ఒకటి చేశారు. ఆపైన జైళ్లు కిక్కిరిసి, 2024 సెప్టెంబరు నుంచి అనేకమంది ఖైదీలను శిక్షలో 40 శాతం పూర్తికాగానే విడుదల చేయడం మొదలుపెట్టడంతో ఆ బరువూ ప్రొబేషన్ ఆఫీసర్లపైనే పడింది. 2026 మార్చిలోగా 1,300 మంది ట్రైనీలను తీసుకుంటామని ప్రభుత్వం ప్రకటించింది గానీ, వారికి పని నేర్పవలసిన సీనియర్లకే తల ఎత్తే తీరిక లేదు.

జైలు నుంచి విడుదలైన మనిషి తలదాచుకునే చోటు లేక మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చాడనుకోండి. వసతి కోసం ఫోన్లు చేయడం, విడుదల షరతులు వివరించడం, మాజీ భార్యకు అతనివల్ల ముప్పుందేమో పోలీసులను అడగడం, అదంతా రిస్కు అంచనాగా కంప్యూటర్‌లో రాయడం సాయంత్రంలోగా జరగాలి. పక్కన సీనియర్ ఉంటే అది పాఠం అవుతుంది, లేకపోతే నిద్ర పట్టదు.

ఈ శిక్షణ, పూర్వపు చదువును బట్టి, సాధారణంగా 15 లేదా 21 నెలలు జీతంతో సాగుతుంది. చదువుకు కేటాయించిన పనివేళలను కేసులు మింగేస్తుంటే, ఏ వారం ఎన్ని గంటలు పోయాయో మేనేజరుకూ, తన పనిని మదింపు చేసే ప్రాక్టీస్ ట్యూటర్ అసెసర్‌కూ మెయిల్ చేయమనండి. పనిభారాన్ని శాతాల్లో లెక్కించే పద్ధతి అక్కడ ఉంది కనుక తన అంకె ఎంతో, ట్రైనీగా తనకు ఎన్ని కేసులు తగ్గించారో అడగాలి. ఒత్తిడిని తట్టుకోవడంపై వర్క్‌షాపుకు పంపుతామంటారేమో. కేసులు తగ్గించకుండా వర్క్‌షాపులు పెట్టడం నా దృష్టిలో కంటితుడుపే. మేనేజరుతో సమీక్షకు ఖాయమైన తేదీ ఉండాలి, అది పదేపదే వాయిదా పడితే నాపో అనే ఉద్యోగ సంఘం సాయం తీసుకోవచ్చు.

మీరు మాత్రం ‘సర్దుకుపో’ అనకండి. నిద్ర, తిండి దెబ్బతింటే జీపీని, అంటే కుటుంబ వైద్యుణ్ని, కలవాలి. నేరం చేసినవారి ఎదుట కూర్చోవడమే ఇష్టం లేకపోతే బాధితుల సహాయ సంస్థల్లో ఈ అనుభవానికి విలువ ఉంటుంది. ప్రొబేషన్ పని నచ్చి, ఆఫీసు మాత్రమే భరించలేనిదైతే, వేరే ఆఫీసుకు బదిలీ గానీ, శిక్షణకు తాత్కాలిక విరామం గానీ కుదురుతుందేమో రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చేదాకా రాజీనామా లేఖ పంపవద్దని చెప్పండి.