ప్రైమ్ లెన్సా, జూమ్ లెన్సా? ముందు మీ ఫొటోలు ఎక్కడ పాడవుతున్నాయో చూడండి

మీ దగ్గర ఏపీఎస్-సీ సెన్సర్ (పాత ఫిల్మ్ కంటే చిన్న సైజు సెన్సర్) ఉన్న కెమెరా, దానితో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. ఇంట్లో పిల్లల్ని ఎక్కువగా తీస్తారు, అప్పుడప్పుడు ప్రయాణాల్లోనూ తీస్తారు. ఒక్క లెన్స్ మాత్రమే కొనే వీలుంటే 50 ఎంఎం ప్రైమ్ కొనాలా, ఎఫ్/2.8 జూమ్ కొనాలా అన్నది మీ ప్రశ్న. ప్రైమ్ అంటే ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్, జూమ్ అంటే రింగు తిప్పి దాన్ని మార్చుకునే లెన్స్. ఫోకల్ లెంగ్త్ అంటే ఆ ఎంఎం అంకె; అది పెరిగేకొద్దీ ఫ్రేమ్ ఇరుకై, దూరంవి దగ్గరగా కనిపిస్తాయి. నా సలహా ముందే చెప్పేస్తాను: కిట్ లెన్స్ అమ్మకండి, దానికి తోడుగా 35 ఎంఎం ఎఫ్/1.8 ప్రైమ్ తీసుకోండి. 50 వద్దు అని ఎందుకంటున్నానో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ అవసరం కొంచెం మారినా సలహా కూడా మారిపోతుంది.

నేను ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడల్లా కెమెరా పట్టుకునే మనిషిని. చాలా ఏళ్లుగా రెండు రకాల లెన్సులూ వాడుతున్నాను. ఈ విషయం ఎత్తగానే అందరూ అనే మాట ఒకటుంది: ప్రైమ్ అయితే షార్ప్‌గా వస్తుంది, జూమ్ అయితే సౌకర్యంగా ఉంటుంది అని. స్టిల్ కెమెరాల కోసం మొదటి జూమ్ లెన్స్, ఫోక్ట్‌లాండర్ జూమార్ 36-82, 1959లో వచ్చింది. ఆ కాలం జూమ్‌ల విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. ఇప్పుడు మంచి ఎండలో ఎఫ్/8 పెట్టి తీస్తే, కిట్ లెన్స్ ఫొటో ఏదో ప్రైమ్ ఫొటో ఏదో ఫోన్ తెర మీద గుర్తుపట్టడం కష్టం. మామూలు సైజు ప్రింట్‌లోనూ అంతే. కాబట్టి కేవలం షార్ప్‌నెస్ కోసమే ప్రైమ్ కొనాలనుకుంటుంటే కొంచెం ఆగండి.

అసలు తేడా వెలుతురు దగ్గర వస్తుంది. మీ 18-55 మీద ఎఫ్/3.5-5.6 అని రాసి ఉంటుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ లోపలి ద్వారం (అపర్చర్) అంత పెద్దగా తెరుచుకుంటుంది. అంటే 18 దగ్గర ఎఫ్/3.5 వరకు తెరుచుకుంటుంది, 55కి తిప్పేసరికి ఎఫ్/5.6కి తగ్గిపోతుంది. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి పంపిస్తుంది. పది శాతం అనట్లేదు, పది రెట్లు. స్పెసిఫికేషన్ కాగితం మీద ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, రాత్రిపూట ఇంట్లో దీని విలువ తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. మా అక్క కూతురు రాత్రిళ్లు ట్యూబ్‌లైట్ కింద కూర్చుని బొమ్మలు వేస్తూ ఉంటుంది. కిట్ లెన్స్‌ను 55కి తిప్పి, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 3200 పెడితే షట్టర్ స్పీడ్ సెకనులో ముప్పయ్యో వంతు వచ్చేది. ముఖం బాగానే వచ్చేది, కానీ పెన్సిల్ పట్టుకున్న చెయ్యి మాత్రం మసకగా సాగిపోయేది. ఆ ఫొటోలో ముఖ్యమైనదే ఆ చెయ్యి. ఎఫ్/1.8 ప్రైమ్ పెట్టాక అదే ఐఎస్ఓతో, అదే వెలుతురులో 1/250 దొరికింది. పెన్సిల్ మొన కాగితాన్ని తాకిన చోట పొడి రాలడం, వేళ్ల మధ్య నలిగిన రబ్బరు, కిందికి వాలిన కనురెప్పల వెంట్రుకలు, అన్నీ నిలిచాయి. ఆ తేడా కళ్లారా చూశాక, చీకటి పడిన తర్వాత ఇంట్లో నేను జూమ్ బయటికి తియ్యలేదు.

ఇక్కడ చాలామంది అడిగేది: "నా లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా, అది చాలదా?" చాలదు. స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును సరిచేస్తుంది. పిల్లల కదలికను ఆపలేదు. గోడ మీది పటమో, రాత్రి వీధిలో కదలని భవనమో అయితే స్టెబిలైజేషన్ అద్భుతంగా పనిచేస్తుంది. గెంతే పిల్లల్ని నిలపాలంటే షట్టర్ స్పీడే కావాలి, దానికి వెలుతురు కావాలి.

అయితే ఎఫ్/1.8 ఊరికే రాదు. అంత తెరిస్తే ఫోకస్‌లో ఉండే లోతు చాలా పలచబడుతుంది. మీ కెమెరా మీద 50 ఎంఎం ఎఫ్/1.8 పెట్టి మీటరున్నర దూరం నుంచి ముఖం తీస్తే, షార్ప్‌గా ఉండే భాగం సుమారు ఆరు సెంటీమీటర్లు. కన్ను బాగుంటుంది, చెవి అప్పటికే మెత్తబడుతుంది. పిల్లలు అంగుళం ముందుకు వాలినా ఫోకస్ తప్పుతుంది. ఇద్దరు పిల్లలు ఒకరి వెనక ఒకరు కూర్చుంటే ఎఫ్/4కి దించక తప్పదు. అలా దించాక ప్రైమ్ ఇచ్చే వెలుతురు లాభంలో చాలావరకు పోతుంది. అందుకే నేను ఒక్కరే ఉన్నప్పుడు 1.8 నుంచి 2.2 మధ్య, ఇద్దరు ముగ్గురు ఉంటే 3.5 నుంచి 4 మధ్య ఉంచుతాను. అందరినీ ఒకే వరసలో, కెమెరాకి ఒకే దూరంలో కూర్చోబెట్టగలిగితే మళ్లీ 2.2కి వెళ్లొచ్చు.

ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ సంగతి. చాలామంది ప్రైమ్ కొనేది దీనికోసమే. దీనికి ఒక సులువైన లెక్క ఉంది. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబర్‌తో భాగించండి. 50ని 1.8తో భాగిస్తే 28 ఎంఎం వస్తుంది. 55ని 5.6తో భాగిస్తే పదికి కొంచెం తక్కువ. మనిషిని ఫ్రేమ్‌లో ఒకే సైజులో ఉంచి, వెనకున్నవి బాగా దూరంగా ఉంటే, ఈ అంకె ఎంత పెద్దదైతే బ్లర్ అంత ఎక్కువ. మరి 55-200 లాంటి మామూలు టెలీ జూమ్‌ను (దూరంవి దగ్గరగా చూపే జూమ్) 200 దగ్గర చూడండి: 200ని 5.6తో భాగిస్తే దాదాపు 36! అంటే ఆరుబయట, వెనక్కి వెళ్లడానికి చోటున్నప్పుడు, ఆ సాదా జూమ్ 50 ఎఫ్/1.8 కంటే ఎక్కువ బ్లర్ ఇస్తుంది. వెలుతురు మాత్రం ఎఫ్/5.6దే కాబట్టి పగలే పనికొస్తుంది. పార్కుల్లో పగటిపూట పోర్ట్రెయిట్లు తీయడమే మీ సరదా అయి ఉంటే, నేను ప్రైమ్ ఊసే ఎత్తకుండా టెలీ జూమ్ కొనమనేవాణ్ని.

ఇక 35 ఎందుకు అనే దగ్గరికి వద్దాం. 50 ఎంఎంకి ఉన్న పేరంతా 35 ఎంఎం ఫిల్మ్ కెమెరాల కాలం నుంచి వచ్చింది (ఇక్కడ 35 అంటే ఫిల్మ్ వెడల్పు, లెన్స్ కాదు). ప్రసిద్ధ ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెసాన్ తన లైకా కెమెరా మీద ఎక్కువగా వాడింది 50 ఎంఎమ్మే. కానీ మీ సెన్సర్ ఆ ఫిల్మ్ కంటే చిన్నది. ఏపీఎస్-సీ మీద 50 పెడితే ఫుల్ ఫ్రేమ్ (ఆ ఫిల్మ్ అంత సెన్సర్) మీద 75 పెట్టినట్టు ఉంటుంది, కెనాన్ అయితే 80. మూడు మీటర్ల దూరం నుంచి కెమెరా అడ్డంగా పట్టుకుని తీస్తే 50తో ఫ్రేమ్‌లోకి వచ్చే వెడల్పు 1.4 మీటర్లు. 35తో 2 మీటర్లు. గదిలో మూడు మీటర్లు దొరకడమే గొప్ప. ఆపైన వీపు గోడకి ఆనుతుంది. పిల్లలు ఇద్దరూ ఆడుకుంటుంటే 50లో ఒకరే పడతారు, రెండోవాళ్ల చెయ్యో కాలో తెగిపోతుంది. అదే 35 మీ కెమెరా మీద దాదాపు 52లా (కెనాన్ అయితే 56లా) పనిచేస్తుంది. అందరూ మెచ్చుకునే ఆ 50 చూపు మీకు 35తోనే వస్తుంది. ఒక్కరి ముఖం మీదే మీ మనసుంటే 50 చక్కటి లెన్స్, అందులో అనుమానం లేదు.

కొనేముందు పైసా ఖర్చు లేకుండా దీన్ని పరీక్షించుకోవచ్చు. కిట్ లెన్స్ జూమ్ రింగును 35 దగ్గర పెట్టి చిన్న టేపు ముక్క అంటించండి. కొన్నాళ్లు అలాగే తీయండి. తర్వాత 50 దగ్గర అంటించి తీయండి. ఎఫ్/1.8 వెలుతురు దీనితో తెలియదు గానీ, ఏ ఫ్రేమ్‌లో మీకు ఊపిరాడుతోంది, ఏ ఫ్రేమ్‌లో ఇరుకుగా ఉంది అనేది ఇట్టే తెలిసిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఒకే ఫోకల్ లెంగ్త్‌తో కొంతకాలం తీస్తే, కెమెరా కంటికి ఎత్తకముందే ఫ్రేమ్ అంచులు ఎక్కడ పడతాయో కళ్లకి కట్టడం మొదలవుతుంది. ప్రైమ్‌లు నాకిచ్చిన వాటిలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చేది ఈ అలవాటుకే.

పాత ఫొటోల ఎక్సిఫ్ డేటా (ఫొటో ఫైల్‌లో కెమెరా రాసిపెట్టే వివరాలు) చూసి ఏ ఫోకల్ లెంగ్త్ ఎక్కువ వాడారో తెలుసుకోమని చాలామంది చెప్తారు. మంచి సలహానే, కానీ ఒక చిక్కుంది. కిట్ లెన్స్ ఉన్నవాళ్లెవరి ఫొటోలు చూసినా 18 దగ్గర ఒక గుట్ట, 55 దగ్గర ఒక గుట్ట కనిపిస్తాయి. రింగు అక్కడితో ఆగిపోతుంది కాబట్టి అలా వస్తుంది. 55 దగ్గర ఫొటోలు ఎక్కువున్నాయని 50 కొనేస్తే పొరపాటు కావచ్చు. ఆ ఫొటోలు తెరిచి చూడండి. వాటిని తర్వాత క్రాప్ చేశారా (అంచులు కత్తిరించారా)? చేసి ఉంటే మీకు కావలసింది ఇంకా పొడవాటి లెన్స్. మధ్యలో, 24కీ 45కీ నడుమ తీసినవి ఎక్కడ పోగయ్యాయో చూస్తే అసలు ఇష్టం బయటపడుతుంది.

జూమ్ గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. "కాళ్లతో జూమ్ చెయ్యి" అని ప్రైమ్ అభిమానులు అంటుంటారు. ఆ మాట నాకు అంతగా నచ్చదు. ముందుకు నడిస్తే మనిషి పెద్దగా కనిపిస్తాడు, వెనకున్న కొండ మాత్రం ఉన్నంతే ఉంటుంది. కొండ కూడా మనిషి వెనక నిలువెత్తున లేవాలంటే, వెనక్కి నడిచి జూమ్ చెయ్యాలి. దూరం మారితే పర్‌స్పెక్టివ్ (దగ్గరివీ దూరంవీ ఒకదాని పక్కన ఒకటి కనిపించే సైజు) మారుతుంది, ఫోకల్ లెంగ్త్ మారితే ఫ్రేమ్ మారుతుంది. ఈ రెండూ మన చేతిలో ఉండాలంటే జూమ్ కావాలి. పైగా అడుగు ముందుకేసే వీల్లేని చోట్లు ఎన్నో: వేదిక మీద పాట పాడుతున్న పిల్ల, లోయ అవతలి గట్టు, రెయిలింగ్‌కి అటువైపు పక్షి. అలాంటి చోట ప్రైమ్ పట్టుకుని నిలబడితే ఉసూరుమనిపిస్తుంది. గాలి, దుమ్ము ఉన్న చోట మాటిమాటికీ లెన్స్ మార్చడం సెన్సర్‌కీ మంచిది కాదు. నేను ప్రయాణాల్లో పగలంతా జూమ్ ఉంచుతాను, పొద్దుగుంకాక గదిలో కూర్చుని ప్రైమ్‌కి మారుస్తాను.

మరి మీరడిగిన ఎఫ్/2.8 జూమ్? 17-50, 17-55 ఎఫ్/2.8 లాంటివి చక్కటి లెన్సులు. పొడవాటి చివర, 50-55 దగ్గర, మీ కిట్ కంటే నాలుగు రెట్లు వెలుతురు ఇస్తాయి. కానీ వైడ్ వైపు, అంటే 18 దగ్గర, ఎఫ్/3.5కీ 2.8కీ తేడా ఒక్క స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) కూడా ఉండదు. ఎఫ్/1.8 ప్రైమ్ ఆ 2.8 జూమ్ కంటే రెండున్నర రెట్లు ముందుంటుంది. ఇక బరువు. కెనాన్‌లో చూస్తే ఈఎఫ్ 50 ఎఫ్/1.8 ఎస్‌టీఎం 160 గ్రాములు, లోపల ఆరు గాజు ఎలిమెంట్లు. ఈఎఫ్ 24-70 ఎఫ్/2.8 ఎల్ రెండో వెర్షన్ 805 గ్రాములు, లోపల పద్దెనిమిది. సిగ్మా 2013లో 18-35 ఎఫ్/1.8 తెచ్చి జూమ్‌లోనూ అంత వెలుతురు సాధ్యమేనని చూపించింది, అదీ మీలాంటి ఏపీఎస్-సీ కెమెరాల కోసమే. దాని బరువూ 800 గ్రాముల పైమాటే, జూమ్ రెండింతలు కూడా లేదు. వెలుతురు, జూమ్ రేంజి, బరువు: ఈ మూడింట్లో ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. పెళ్లిళ్ల లాంటివి తీసేవాళ్లకి లెన్స్ మార్చే వ్యవధి ఉండదు కాబట్టి వాళ్లకి 2.8 జూమే సరి. మీరు చెప్పిన అవసరాలకి అది మధ్యస్థంగా మిగిలిపోతుంది: రాత్రి ఇంట్లోకి వెలుతురు చాలదు, పగటి ప్రయాణాల్లో కిట్ కంటే పెద్ద తేడా చూపదు, మెడకి బరువు మాత్రం ఉంటుంది.

కొనేటప్పుడు మౌంట్ (కెమెరాకి లెన్స్ తగిలే అమరిక) మీ కెమెరాదేనా చూసుకోండి. నికాన్ డీఎస్ఎల్ఆర్ అయితే ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎఫ్/1.8జీ, సోనీ మిర్రర్‌లెస్ అయితే 'ఈ' (E) 35 ఎఫ్/1.8 ఓఎస్ఎస్, కెనాన్ ఆర్ఎఫ్ అయితే ఆర్ఎఫ్ 35 ఎఫ్/1.8, ఫ్యూజీ అయితే ఎక్స్ఎఫ్ 35 ఎఫ్/2. నికాన్ డీ3000, డీ5000 వరస బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు కాబట్టి పాత ఏఎఫ్-డీ లెన్సులు వాటి మీద ఆటోఫోకస్ చెయ్యవు. ఆ సంగతి ముందే చూసుకోండి.

ప్రైమ్‌లు సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం మంచి ఆలోచనే. ఎప్పుడూ అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి లోపలికి చూడండి. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఆ లెన్స్ వదిలేయండి. నాలుగైదు దుమ్ము రేణువులుంటే పట్టించుకోనక్కర్లేదు. అపర్చర్ బ్లేడ్ల మీద నూనె మెరుపు ఉందేమో చూడండి. చివరగా మీ కెమెరాకి తగిలించి, ఎఫ్/1.8 దగ్గరే, దగ్గరి నుంచి ఏదైనా అచ్చు కాగితాన్ని కాస్త ఏటవాలుగా పెట్టి తీయండి. మీరు ఫోకస్ చేసిన వరసే షార్ప్‌గా ఉందా, దాని ముందుదో వెనకదో షార్ప్‌గా ఉందా అని పెద్దది చేసి చూసుకుని, సరిగ్గా ఉంటేనే డబ్బులివ్వండి.